ఏడు వందల గ్రాముల తగువు

(టేబుల్ మీద ఉన్నది ఎయిర్‌కో డీహెచ్.9ఏ. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వచ్చిన బ్రిటిష్ బాంబర్ బైప్లేన్‌కి (రెండంతస్తుల రెక్కల విమానానికి) 1/8 స్కేల్ రేడియో కంట్రోల్ మోడల్. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 1.75 మీటర్లు. బాల్సా అనే తేలిక కర్ర చట్రం పూర్తయింది, మోటారు, చుక్కానుల్ని కదిపే సర్వోలు కూర్చున్నాయి, బట్ట ఇంకా ఎక్కలేదు. కట్టింది మేనల్లుడు. ఎగరేయాల్సింది మావయ్య, ఆయన చెయ్యి నమ్మకమైనది. అల్లుడు గోడకి అంటించిన డీటెయిలింగ్ జాబితాని, అంటే అసలు విమానం పోలిక కోసం చేర్చాల్సినవాటి చిట్టాని, మావయ్య కళ్లజోడు సర్దుకుని చదివారు. తగువు అక్కడ మొదలైంది. బ్రాకెట్లలో మాట్లాడేది నేను, పక్కన కూర్చుని విన్నవాణ్ని.)

మావయ్య: ఏంట్రా ఇది, పెళ్లి సామాన్ల లిస్టులా ఉంది? డోపు అనే బట్ట వార్నిషు, రంగు కలిపి 250. కాక్‌పిట్లు రెండూ 150. తీగలు 120. మనుషులు 80. తుపాకులు 50. రిబ్ కుట్లు 50. మొత్తం ఏడు వందల గ్రాములు! నాలుగు కిలోల విమానం నాలుగు కిలోల ఏడు వందలు అవుతుంది.

అల్లుడు: స్కేల్ మోడల్ అన్నాక అవన్నీ ఉండాలి కదా మావయ్యా. లేకపోతే రెండు రెక్కలు తగిలించిన ట్రైనర్‌కీ, అదే నేర్చుకునేవాళ్ల మోడల్‌కీ, దీనికీ తేడా ఏముంది?

మావయ్య: స్కేల్ అన్నావు కాబట్టి స్కేల్ లెక్కే చూద్దాం. అసలు విమానం ఎంత స్పీడు పోయేది?

అల్లుడు: గంటకి 200 కిలోమీటర్లకి కాస్త తక్కువ.

మావయ్య: అందులో ఎనిమిదో వంతు 25. మనది నాలుగు కిలోలున్నా 34 దగ్గర స్టాల్ అవుతుంది, రెక్క ఇక బరువు మోయలేక పడిపోతుంది. అంటే నీ స్కేల్ ప్రకారం ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఇది గాల్లో నిలబడకూడదు. అందుకే చెప్పేది, గాల్లోకి లేచాక స్కేల్ అనే మాటకి అర్థం లేదు. తేలిగ్గా ఉంటే నెమ్మదిగా ఎగురుతుంది, నెమ్మదిగా ఎగిరితే పాతకాలం విమానంలా కనిపిస్తుంది. అంతే.

అల్లుడు: స్పీడుని పొడవుతో భాగించకూడదు మావయ్యా. స్కేల్‌కి వర్గమూలంతో భాగించాలి. ఎనిమిదికి వర్గమూలం 2.83. రెండు వందలు దాంతో భాగిస్తే 70. మనది గంటకి 70లో పోతే ఎక్కడం, తిరగడం, వాలడం అన్నీ అసలు విమానం తీరులోనే కనిపిస్తాయి.

మావయ్య: ఓహో. మరి అదే లెక్కలో బరువు?

అల్లుడు: ఘనంతో. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, మళ్లీ ఎనిమిది... 512. బాంబులతో సహా అసలు బరువు 2,100 కిలోలు. భాగిస్తే 4.1 కిలోలు.

మావయ్య: 4.1! నేను చెప్పలేదు, నువ్వే చెప్పావు. మరి ఈ 4.7 ఏ స్కేల్ రా?

(అల్లుడు కాలిక్యులేటర్ పక్కన పెట్టేశాడు. తన లెక్క తన మెడకే చుట్టుకుంది. నా ఉద్దేశంలో ఆ పూట మావయ్య గెలిచిన ఘట్టం ఇదొక్కటే, కానీ గట్టిగా గెలిచారు. బరువు కూడా డీటెయిలే అని ఆయన ఎప్పుడూ అనేవారు. ఇప్పుడది అల్లుడి నోట్లోంచే వచ్చింది.)

అల్లుడు: సరే, 4.1 మించకూడదంటారు. అయితే ఏది తీసేయమంటారో మీరే చెప్పండి.

మావయ్య: ముందు తీగలు. రెండు రెక్కల మధ్య అటూ ఇటూ రెండేసి బేలు, అంటే స్ట్రట్లనే నిలువు కర్రల మధ్య గళ్లు, ప్రతి బేలో ఐమూలగా స్టీలు తీగలు, ప్రతి తీగకీ బిగించే మర, టర్న్‌బకిల్. ఫీల్డుకి వెళ్లి ఇవన్నీ బిగించేసరికి గాలి లేస్తుంది, మనం ఇంటికి రావాలి. నల్ల ఎలాస్టిక్ దారం కట్టు. పది అడుగుల నుంచి చూస్తే తేడా ఎవడికీ తెలియదు. ల్యాండింగ్‌లో ఎక్కడైనా తగిలినా సాగుతుంది, తెగదు.

అల్లుడు: దారం కడితే రెక్క మడతపడుతుంది.

మావయ్య: ఎందుకు మడతపడుతుంది? రెక్క పొడవునా స్పార్ దూలం ఉంది కదా.

అల్లుడు: స్పార్ పల్చగా కట్టాను. కార్బన్ వేయలేదు. తీగల్ని నమ్ముకునే కట్టాను. పైకి లేచేటప్పుడు రెక్కల్ని బాడీకి పట్టి ఉంచేది ఫ్లయింగ్ వైర్లు. నేల మీద రెక్కలు వేలాడకుండా మోసేది ల్యాండింగ్ వైర్లు. అసలు విమానంలో అవి చేసిన పని మన మోడల్‌లోనూ అవే చేస్తాయి. స్పార్‌లో మిగిలిన బరువు తీగల బరువుకి సరిపోయింది.

మావయ్య: అంటే తీర్పు ముందే రాసేసుకుని నన్ను వాదనకి పిలిచావన్నమాట.

అల్లుడు: (నవ్వి) మీరు ఎలాస్టిక్ అంటారని తెలుసు మావయ్యా.

మావయ్య: నవ్వకు. నీకు తీగలతో వచ్చే తంటా తెలియదు. కుడివైపు ఒక టర్న్‌బకిల్ అర చుట్టు ఎక్కువ బిగిసిందనుకో, రెక్క కొస మెలిపడుతుంది. లేచేటప్పుడు తెలియదు. దిగేటప్పుడు స్పీడు తగ్గుతుంది చూడు, అప్పుడు ఆ వైపు కొస ముందు స్టాల్ అయి బొక్కబోర్లా పడుతుంది. పైగా ఇన్ని తీగలకీ స్ట్రట్లకీ గాలి తగులుతుంది. థ్రాటిల్ తీస్తే మామూలు విమానం జారుతూ వస్తుంది, బైప్లేన్ గాల్లోనే నిలబడిపోతుంది. నేల తాకేదాకా మోటారు ఆడుతూ ఉండాలి. అది కొత్తవాళ్ల చేతికి అలవాటు కాదు.

అల్లుడు: ఎగరేసేది మీరే కదా.

మావయ్య: పొగిడితే బరువు తగ్గదు.

అల్లుడు: మెలి సంగతి చెప్తాను. రెక్క వాలు కోణం చూపే ఇన్సిడెన్స్ మీటరు పెట్టి రెండు వైపులా కొలుస్తాను, టర్న్‌బకిళ్లకి లాక్ నట్లు వేస్తాను. ఒక పక్క రెండు రెక్కలూ, స్ట్రట్లూ, బయటి బే తీగలూ విడదీయను. ఒకే ముక్కగా కారులో పెడతాను, 85 సెంటీమీటర్లే కదా. ఫీల్డులో లోపలి బే తీగలు మాత్రం బిగించాలి.

(మావయ్య ఒప్పుకున్నట్టు తల ఊపలేదు, కానీ పాయింటు వదిలేశారు. పాత రేడియోల కాలంలో లోహం మీద లోహం రాసుకుంటే సిగ్నల్‌లో గోల పుట్టేదని ఒకసారి గొణిగారు. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ భయం పెద్దగా లేదని ఆయనకీ తెలుసు.)

మావయ్య: తీగలు సరే అనుకో. ఈ రిబ్ కుట్లు ఎందుకురా? అసలు విమానంలో అయితే బట్టని రెక్క పక్కటెముకలకి, అదే రిబ్‌లకి, కుట్టేవారు. ఇవి బరువు మోయవు, బట్టని పట్టుకోవు. మన బట్ట ఇస్త్రీపెట్టె వేడికే అంటుకుంటుంది.

(అల్లుడు డ్రాయరులోంచి ఒక నమూనా ముక్క తీశాడు. చెయ్యంత వెడల్పు రెక్క ముక్క. ప్రతి రిబ్ మీదా నూలు దారం, దాని మీద సెంటీమీటరుకి ఒక చుక్క చొప్పున ఫెవికాల్, సిరంజితో పెట్టినది. ఆరాక పైన సన్నటి బట్ట పట్టీ, దాని మీద డోపు. మావయ్య బొటనవేలితో దాని మీద రాశారు. కిటికీ వైపు వంచి, పక్క నుంచి వెలుగు పడేలా చూశారు. చుక్కలు పట్టీ కింద నుంచి లీలగా తేలాయి.)

మావయ్య: బాగుంది. బాగోలేదని అనలేను. కానీ నాలుగు రెక్క ముక్కలకీ పైనా కిందా కలిపి ఇలాంటి చుక్కలు ఎన్నొస్తాయో లెక్కేశావా?

అల్లుడు: వేలల్లో వస్తాయి. లెక్కేస్తే మొదలుపెట్టలేను.

మావయ్య: ఇవన్నీ ఒక్క చెట్టుకొమ్మ తగిలితే పోతాయి. అందుకే అంటున్నా. నీకు చూసుకోవడానికి మోడల్ కావాలంటే గాజు పెట్టెలో పెట్టుకో. ఎగరేయడానికి కావాలంటే పైన తేలిగ్గా రంగు కొట్టు. రెండూ ఒకే దాంట్లో కావాలంటే కుదరదు.

అల్లుడు: అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్4సీ అని క్లాసుంది. నేల మీద పోలికకి మార్కులు, గాల్లో ఎగిరినదానికి మార్కులు, రెండూ కలుపుతారు. కుదరదనుకుంటే ఆ క్లాసే ఉండేది కాదు.

మావయ్య: వాళ్లు ఒక్క మోడల్ మీద ఏళ్లు పెడతారు. నీకు ఆదివారం ఒక్కటే సెలవు.

అల్లుడు: అందుకే ఏదో ఒక విమానం కాకుండా ఇది ఎంచుకున్నాను. సోప్‌విత్ క్యామెల్ ఎవరైనా కడతారు, టైగర్ మాత్‌కి కిట్లు దొరుకుతాయి. ఇది బ్రిటిష్ వైమానిక దళంలో 110 స్క్వాడ్రన్‌ది, సీరియల్ ఎఫ్1010. ఆ స్క్వాడ్రన్ విమానాలకి డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. విమానాల మీద నిజాం బహూకరించినదని రాసి, హైదరాబాద్ పేరు పెట్టారు. స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. మనూరి పేరున్న విమానం కడుతూ, ఆ అక్షరాలు బరువని మానేయమంటారా?

మావయ్య: అక్షరాలు మానేయమన్నానా? అవి రెండు గ్రాములు. కానీ మనూరి పేరని అంతగా పొంగిపోవడం నాకు నచ్చదు. ఆ డబ్బు ఎక్కడిది? సంస్థానంలో రైతు కట్టిన శిస్తు కాదా? దాంతో కొన్న విమానం ఫ్రాన్స్ నుంచి ఎగిరి జర్మనీ ఊళ్ల మీద బాంబులేసింది. అందులో మనకేం గొప్ప?

అల్లుడు: గొప్పని నేను అనలేదు. జరిగిందని అంటున్నాను. ఆ పేరు చెరిపేసి కడితే ఎవరి డబ్బుతో ఎగిరిందో చూసేవాడికి తెలియదు. మీరన్న రైతు కూడా ఆ అక్షరాల్లోనే ఉన్నాడు.

(మావయ్య కాసేపు ఆగారు. ఇది ఆయన ఊహించిన జవాబు కాదు.)

మావయ్య: సరే, అక్షరాలుంటాయి. ఆ ఎఫ్1010 ఏమైందో తెలుసా?

అల్లుడు: తెలుసు. 1918 అక్టోబర్ 5న దాడికి వెళ్లి జర్మన్ల భూభాగంలో దిగిపోయింది. యుద్ధం తర్వాత బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ నుంచి తరలిస్తే పోలెండ్‌లో తేలింది. 1977లో బ్రిటన్‌కి తిరిగి వచ్చింది. ఇప్పుడు లండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

మావయ్య: తిరిగొచ్చింది బాడీ. రెక్కలు అప్పటికే లేవు, మ్యూజియం వాళ్లు కొత్తవి చేయించుకున్నారు. అంటే నువ్వు ఫోటోలు పెద్దవి చేసి మరీ లెక్కబెడుతున్న రిబ్ కుట్లు ఆ మ్యూజియం కార్పెంటర్లు, కుట్టుపనివాళ్లు వేసినవి. 1918వి కావు.

అల్లుడు: (కాసేపాగి) ఆ లెక్కన రంగు కూడా.

మావయ్య: రంగు గొడవ నేను ఎత్తలేదు. నువ్వే ఎత్తావు.

(ఆ రంగు పేరు పీసీ10. ఎండకి నార బట్ట పాడవకుండా పూసేవారు. అందులో ఉన్నది పసుపుపచ్చ మట్టి రంగు, దీపపు మసి. ఏ ద్రవంలో కలిపారన్నదాన్ని బట్టి, ఎంత పాతదయిందన్నదాన్ని బట్టి ఒకచోట ముదురు ఆకుపచ్చగా, ఇంకోచోట చాక్లెట్ గోధుమగా కనిపిస్తుంది. అల్లుడి దగ్గర రెండు అట్టముక్కలున్నాయి, రెండూ పీసీ10 అనే పూశాడు. పక్కపక్కన పెడితే అన్నదమ్ములని కూడా ఎవరూ అనరు.)

అల్లుడు: నేను గోధుమ వైపే. కానీ మీరన్నదాంట్లో ఒకటి నిజం. మ్యూజియం విమానాన్ని చూసి కాకుండా 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరినప్పటి విమానాన్ని కట్టాలి. అప్పుడది కొత్తది. మాసిపోయినట్టు, నూనె కారినట్టు వెదరింగ్ అక్కర్లేదు. అక్కడ ఒక కోటు తగ్గించొచ్చు.

మావయ్య: ఎంత తగ్గుతుంది?

అల్లుడు: ఓ 40 గ్రాములు.

మావయ్య: శుభం. తుపాకులు?

అల్లుడు: వెనక సీటు చుట్టూ తిరిగే స్కార్ఫ్ రింగు, దాని మీద లూయిస్ గన్ అనే మెషిన్ గన్ ఉండాలి. కానీ లోపల బోలుగా ప్రింట్ చేస్తాను. మనుషుల్ని కూడా భుజాల దాకానే, ఫోమ్‌తో.

మావయ్య: తోక దగ్గర ఒక్క గ్రాము కూడా పెంచకు. తోకలో పది పెరిగితే ముక్కులో ముప్పై సీసం పెట్టాలి. ఈ విమానానికి ముక్కు పొడుగు కాబట్టి బతికాం, క్యామెల్ అయితే ముక్కులో సీసం గనే పెట్టాల్సొచ్చేది. తోక కింద స్కిడ్‌కి ప్లాస్టిక్ ప్రింట్ వద్దు, వెదురు బద్ద చాలు.

అల్లుడు: రేడియేటర్ మాత్రం తగ్గించను. ముందు మొహం అంతా అదే.

మావయ్య: దాన్ని నువ్వు మూసేస్తావేమోనని నా టెన్షన్. లోపల బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్ ఉన్నాయి, మే నెల ఎండ. అసలు విమానంలో అక్కడ నిజంగా గాలి దూరేది కదా? జల్లెడ పెట్టు, వెనక బాడీలో గాలి బయటికి పోయే కంత పెద్దది పెట్టు. డీటెయిల్ అంటే అలా ఉండాలి, చూడ్డానికీ పనికొస్తుంది, పనికీ పనికొస్తుంది.

అల్లుడు: తీగల గురించి నేను చెప్పిందీ అదే కదా!

మావయ్య: (విననట్టు) మొత్తం ఇప్పుడు ఎంతైంది?

అల్లుడు: తీగల బరువు స్పార్‌లో ముందే మిగిలింది కాబట్టి అది పోనూ... రిబ్ కుట్లు పై రెక్క పైభాగానికి, కింద రెక్క పైభాగానికి మాత్రమే వేస్తే... కాక్‌పిట్‌లో ముందు ప్యానెల్ ఒక్కటే... ఓ 350 గ్రాములు.

మావయ్య: ఇంకా 4.35. నీ లెక్క కన్నా పావు కిలో ఎక్కువ. సరే, ఒక పని చేద్దాం. బట్ట ఎక్కించు, తీగలు బిగించు, రంగు వేయకు. ఆ 350 గ్రాములూ సీసం ముక్కలుగా ఎక్కడెక్కడ డీటెయిల్ వస్తుందో అక్కడక్కడే టేపుతో అంటించు. నాలుగు వారాలు ఎగరేద్దాం. బాగా ఎగిరితే సీసం పీకి నీ కుట్లు, నీ తుపాకులు, నీ నిజాం అక్షరాలు పెట్టుకో.

అల్లుడు: రంగు లేకుండా నలుగురికీ చూపించడమా?

మావయ్య: నలుగురెందుకొస్తారు? పొద్దున్నే ఆరింటికి వెళ్దాం.

అల్లుడు: ఎగరకపోతే?

మావయ్య: ఎగరకపోతే వేల చుక్కలు పెట్టే బాధ తప్పుతుంది. తీగలు నిజమైనవి కట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫీల్డులో వంగి వంగి బిగించేది నువ్వే. నేను కారులో కూర్చుని ఇడ్లీ తింటూ చూస్తా.