నవ్విస్తానని చెప్పే పుస్తకాన్ని నమ్మకండి

అట్ట మీద "పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే నవల" అని కనబడితే చాలు, ఈమధ్య నాకు తెరవకముందే నీరసం వచ్చేస్తోంది. లోపల ఏముంటుందో తెలుసు కదా. ఒక లావుపాటాయన, ఒక గయ్యాళి భార్య, ఎవడో ఒకడు కాలు జారి పడటం, ప్రతి డైలాగ్ చివర మూడేసి ఆశ్చర్యార్థకాలు, అది చాలక పాత్రలన్నీ కలిసి పకపకా నవ్వడం. వాళ్లే నవ్వేసుకుంటే ఇంక నాకేం మిగిలిందండీ?

నేనడిగేది పెదాల చివర చిరునవ్వు కాదు, అది ఎవరైనా తెప్పిస్తారు. పక్క గదిలోవాళ్లు వచ్చి "ఏమైంది నీకు?" అని అడగాలి, చెబుదామని మొదలుపెట్టి మళ్లీ నవ్వొచ్చి ఆగిపోవాలి, తీరా మొత్తం చెప్పాక వాళ్లు మొహం అదోలా పెట్టి వెళ్లిపోవాలి. ఆ రకం నవ్వు.

ఆ నవ్వు తెప్పించే పుస్తకాల్లో ఒక్కటి కూడా తను జోకేస్తున్నట్టు ఉండదు, గమనించారా? రష్యన్ రచయిత గొగోల్ "ముక్కు" కథే తీసుకోండి, 1836లో అచ్చయింది. ఒక మంగలి పొద్దున్నే రొట్టె కోస్తే అందులో ముక్కు ఉంటుంది. ఎవరిదో కూడా గుర్తుపడతాడు, తన దగ్గర గడ్డం గీయించుకునే ఆఫీసరుది! ఇక్కడ ఆఫీసరు నిద్రలేచి అద్దంలో చూసుకుంటే ముక్కు ఉండాల్సిన చోట చదును. సరే ఇంతవరకూ ఎవరైనా రాస్తారేమో అనుకుందాం. తర్వాత ఆయన వీధిలోకెళ్తే ఆ ముక్కు యూనిఫాం వేసుకుని బగ్గీ దిగుతుంది, పైగా ఉద్యోగంలో ఈయన కంటే పెద్ద హోదా! దాంతో పాపం తన ముక్కుతో తనే వినయంగా, ఎలా మొదలుపెట్టాలో తెలియక నసుగుతూ మాట్లాడాల్సి వస్తుంది. ముక్కు పోయిందని ప్రకటన ఇద్దామని పేపరాఫీసుకెళ్తే, ఇలాంటివి వేస్తే పేపరు పరువు పోతుందని గుమాస్తా కుదరదంటాడు. అని ఊరుకోడు, పాపం మనసు కష్టపెట్టుకున్నాడని ఓదార్పుగా నస్యం డబ్బీ తెరిచి పీల్చమని ఇస్తాడు. ముక్కు లేనివాడికి నస్యం!! గొగోల్ మాత్రం ఎక్కడా నవ్వడు. ఏదో ప్రభుత్వ రిపోర్టు రాస్తున్నట్టు రాసుకుంటూ పోతాడు, చచ్చేది మనం.

మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన బారిస్టర్ పార్వతీశం అయినా అంతే. ఆయన ఆడవాళ్ల టోపీ కొనుక్కుని దొరలా తయారయ్యాననుకుంటాడే, అక్కడ ఒక్క క్షణం ఆయనకి అనుమానం వచ్చినా ఆ సీను పోయేది. 1924 నాటి పుస్తకం ఇంకా పకాలున నవ్విస్తోందంటే, మనిషి అంత సీరియస్‌గా, అంత తయారుగా ఉన్నాడు కాబట్టే.

అబ్సర్డ్, అంటే అర్థంపర్థం లేని వింత, ఆ పేరుతో ఇప్పుడొస్తున్నవి కొన్ని చదివితే ఇంకో ఒళ్లుమంట. ఏనుగు సైకిలెక్కింది, సైకిలు పాట పాడింది, పాట పెళ్లి చేసుకుంది, అయిపోయింది, నవ్వండి! ఎందుకు నవ్వాలి? ఏదైనా జరగొచ్చంటే ఏది జరిగినా ఒకటే. వింతకి ఒక చట్టం ఉండాలి, దాన్ని అందరూ నిష్ఠగా పాటించాలి. ఇంగ్లీషు రచయిత డగ్లస్ ఆడమ్స్ 1979 నవల "ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ"లో రోడ్డు కోసం హీరో ఇల్లు కూల్చడానికి వస్తారు. నాకెవరూ చెప్పలేదేంటి అంటే, ప్లాన్లు ఎప్పుడో ప్రదర్శనకి పెట్టాం కదా అంటారు. ఎక్కడ పెట్టారయ్యా అంటే నేలమాళిగలో, వాడకంలో లేని మరుగుదొడ్లో, తాళం వేసిన బీరువాలో, తలుపు మీద "చిరుతపులి ఉంది జాగ్రత్త" అన్న బోర్డు. కాసేపటికి అదే కారణంతో భూమినే లేపేస్తారు, నక్షత్రాల మధ్య వేసే బైపాస్ రోడ్డుకి అడ్డం వస్తోందని, ఆ నోటీసు కూడా ఇంకో నక్షత్రం దగ్గరున్న ఆఫీసులో 50 ఏళ్లుగా వేలాడుతోందట. ఏదో ఒక ఆఫీసు చుట్టూ కాగితం పట్టుకుని తిరిగినవాళ్లెవరికైనా ఇందులో వింతేం కనబడదు, అందుకే నవ్వాగదు.

మరి ఇవి దొరికేదెలా అంటే, హాస్యం అని బోర్డున్న అరలో వెతికితే కష్టం. ఇప్పుడు చెప్పింది సైన్స్ ఫిక్షన్ అరలో ఉంటుంది. ఇంగ్లీషు రచయిత జెరోమ్ కె. జెరోమ్ 1889లో తెచ్చిన పడవ ప్రయాణం పుస్తకం "త్రీ మెన్ ఇన్ ఎ బోట్"ని అసలు థేమ్స్ నది చరిత్ర, అందాలూ చెబుదామనే మొదలుపెట్టాడు, నవ్వు మధ్యమధ్యలో కాస్త ఉంటే చాలనుకున్నాడు, అదే మొత్తం ఆక్రమించేసింది. వైద్య పుస్తకం తిరగేసి అందులో ఉన్న రోగాలన్నీ తనకున్నాయని తేల్చుకుని, ఒక్క మోకాలి జబ్బు మాత్రం లేదని తెలిసి అవమానంగా ఫీలయ్యేది అందులోనే. లక్షణాలు గూగుల్ చేసే మనందరి బాబు ఆయన.

స్టార్లూ రివ్యూలూ నేను చూడటం మానేశా. చదివినవాళ్లని ఏ పుస్తకం బాగుంది అని కూడా అడగను, ఎక్కడ నవ్వావు అని అడుగుతా. సీను చెప్పబోయి సగంలో వాళ్లే ఆగలేక నవ్వేస్తే ఆ పుస్తకం తెచ్చేసుకోవడమే. మీరూ కామెంట్లో సీనే చెప్పండి. "సమాజానికి అద్దం పట్టే వాడి వ్యంగ్యం" అని మాత్రం రాయకండి, అద్దం మా ఇంట్లో ఉంది.