గగన్ మహల్ కమానులు పరాయివి కావు

పెనుకొండ నుంచి నిన్న రాత్రి ఉత్తరాంధ్రలోని మా ఊరు విజయనగరం చేరి, ఈ ఉదయం పెనుకొండలోని గగన్ మహల్ ఫొటోలు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు గడవకముందే మా పెదనాన్నగారి అబ్బాయి, "ఆ కమానులు చూస్తే తెలియడం లేదా తమ్ముడూ, అది నవాబుల కట్టడం, మన రాయలది కాదు" అని రాశాడు. దాన్ని మెచ్చుకుంటూ వరుసగా బొటనవేలి గుర్తులు పడ్డాయి. వారిలో ఒక్కరూ పెనుకొండ చూసినవారు కారు. అప్పటినుంచి నాకు ఏ పనీ తోచడం లేదు.

అన్నయ్యా, అది హంపీ నుంచి ఏలిన విజయనగర సామ్రాజ్య ప్రభువులు వేసవి విడిదిగా వాడుకున్న మేడ. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత హంపీ పాడుబడితే తిరుమలరాయలు రాజధానిని తరలించుకున్నది ఆ పెనుకొండకే. కింద కమానుల వరస, పైన గుమ్మటాలు, వాటి నడుమ గుడి విమానంలా అంచెలంచెలుగా లేచిన శిఖరం, అన్నీ ఒకే మేడ మీద కలిసిమెలిసి ఉన్నాయి. ఇంతవరకు మనది, ఇక్కడినుంచి వాళ్లది అని గీత గీయమంటే ఎక్కడ గీస్తావు? నేను వెళ్లింది మిట్టమధ్యాహ్నం. బయట కొండరాళ్లు కాలిపోతుంటే ఆ మందపాటి గోడల మధ్య నీడలో నిలబడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆ చల్లదనం కోసం కట్టుకున్న ఇంటిని ఒక్క కమాను చూసి పరాయివాళ్లకు రాసి ఇచ్చేస్తామా?

హంపీలోని లోటస్ మహల్‌కూ కమానులే, ఏనుగుల శాలకూ గుమ్మటాలే. అక్కడ కుటుంబమంతా నిలబడి ఫొటోలు దిగినప్పుడు ఎవరికీ రాని అనుమానం పెనుకొండ దగ్గర ఎందుకు వచ్చింది? "హిందూరాయ సురత్రాణ" అన్నది విజయనగర రాజులు తాము కోరి పెట్టుకున్న బిరుదు, సురత్రాణుడంటే సుల్తాను. రెండవ దేవరాయలు ముస్లిం విలుకాండ్రను తన సైన్యంలోకి తీసుకున్నాడు. మంచి పనితనం ఎక్కడ కనిపించినా తెచ్చుకుని తమ మేడకు అమర్చుకోవడానికి వాళ్లు వెనుకాడలేదు.

అన్నిటికన్నా నన్ను కోసేది మన ఊరి సంగతి. మన కోటకు చోటు చూపించింది అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు అని చిన్నప్పుడు మనిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది మన తాతగారే కదా. 1713లో విజయదశమినాడు, అదీ జయవారమైన మంగళవారం, శంకుస్థాపన జరిగిందని, ఇలా "జయం", "విజయం" అన్న మాట కలిసొచ్చినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టేవారు. ఆ లెక్క ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఫకీరు మాటను మాత్రం మన ఇళ్లలో ఎవరూ పిల్లలకు చెప్పడం లేదు, నువ్వూ చెప్పడం లేదు.

గొడవెందుకు, ఆ ఫొటోలు తీసెయ్యమని పొద్దుటినుంచి ఇద్దరు ఫోన్ చేశారు. తీయను. శిఖరమూ కమానూ కలిసి కనిపించే ఫొటో ఒకటి వెతికి మళ్లీ పెట్టాను.