నేపియర్‌కు ధర హామీ ఏది?

అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రంలో ఇలాంటివి 500 పెట్టాలన్నది ఒప్పందం. వాటికి ముఖ్యమైన ముడిసరుకు నేపియర్ గడ్డి. దాన్ని బీడు భూముల్లో పెంచవచ్చంటున్నారు. మెట్ట ప్రాంతానికి పరిశ్రమ రావడం మంచిదే. అయితే రెండెకరాల రైతు గడ్డి వేయడానికి వెనకాడితే, అది అవగాహన లేక అనుకోవడం అన్యాయం.

ఆ జిల్లా రైతులు కాగితం మిల్లులు కొంటాయన్న నమ్మకంతో సుబాబుల్, జామాయిల్ వేశారు. తీరా కర్ర కొట్టే వేళకు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. బయోడీజిల్ కోసం జట్రోఫా వేయమన్న మాటా రైతులు విన్నారు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009లో కేంద్రం పెట్టుకున్న లక్ష్యం దరిదాపుల్లోకైనా రాలేదు.

పాడి రైతుకు నేపియర్ కొత్త కాదు. బోరు కింద కాస్త వేసుకుని గేదెలకు కోసి వేస్తాడు. నాటిన మూడు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత రెండు నెలల లోపే మరో కోత. కానీ తడి అందకపోతే గడ్డి ఎదగదు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ప్రాంతంలో, దీన్ని బీడు భూముల పంట అని ఎలా చెప్పగలం? పైగా పచ్చిగడ్డి బరువులో ఎక్కువ భాగం నీరే. దూరం తోలితే కిరాయికే సరిపోతుంది. అంటే దగ్గర్లోని ప్లాంటు ఒక్కటే కొనుగోలుదారు. అది చెప్పిందే ధర.

గ్యాసుకు మాత్రం ఆ టెన్షన్ లేదు. గ్యాస్ పంపిణీ సంస్థలు 2028-29 నుంచి వాహనాలకు, ఇళ్లకు ఇచ్చే గ్యాసులో 5 శాతం బయోగ్యాస్ కలపాలని కేంద్రం నిబంధన పెట్టింది. గ్యాసు అమ్మేవారికి దొరికిన ఈ భరోసా గడ్డి పెంచేవారికి ఎందుకు లేదు? చెరకుకు కేంద్రం ధర ప్రకటిస్తుంది, 14 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న నిబంధన ఉంది. ఆ నిబంధన ఉన్నా బకాయిలు తప్పలేదు. అది కూడా లేని నేపియర్ రైతు ఎవరిని అడగాలి?

కణుపు నాటకముందే తెలుగులో రాసిన ఒప్పందం రైతు చేతికి రావాలి. టన్ను ధర, చెల్లింపు గడువు, కోత, రవాణా ఖర్చు ఎవరివన్నది అందులో ఉండాలి. ప్లాంటు ఆగితే పరిహారం, దుబ్బులు పెకలించే ఖర్చు కూడా రాయాలి. ప్రభుత్వం అందులో పూచీదారుగా సంతకం చేయాలి. పొలాన్ని ప్లాంటుకు లీజుకు ఇస్తే డబ్బు యజమానికి వెళ్తుంది. ఇన్నాళ్లూ ఆ చేను దున్నిన కౌలురైతు సంగతేమిటో కూడా ప్రభుత్వం ఇప్పుడే తేల్చాలి.