గంటకి ఐదు డబ్బాల పెద్దమనిషి

మా మావయ్యది ఆత్రేయపురం. పూతరేకుల వ్యాపారం. 2023లో ఊరి పూతరేకుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చినప్పటినుంచీ ఆయనకి వెబ్‌సైటు పిచ్చి పట్టింది. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే మేనల్లుణ్ణి ఒకణ్ణి పెట్టుకుని, బయటివాళ్ళకి డబ్బులెందుకివ్వాలని నా మెడకి చుట్టారు. రాసిచ్చాను. జీతం పూతరేకుల్లోనే.

మొదటి ఏడాది ఎవడో ఆకతాయి సరుకు అందాక డబ్బులిస్తానని, ఒకే రాత్రి నలభై డబ్బాలకి ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టాడు. మావయ్యకి బీపీ పెరిగింది. దాంతో ఒక్క ఐపీ అడ్రసు (నెట్‌లో ప్రతి కనెక్షనుకీ ఉండే నంబరు) నుంచి గంటకి ఐదు ఆర్డర్లు దాటితే ఆరోది తీసుకోవద్దని ప్రోగ్రాములో ఓ నిబంధన పెట్టాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

మొన్న సంక్రాంతికి పది రోజుల ముందు సెలవు పెట్టి వెళ్ళాను. మావయ్య ఫోను చూపించి, "ఒరేయ్, మన సైటు సురక్షితం కాదంటోందేంట్రా ఇది? నెయ్యి మనదే కదా!" అన్నారు. సైటుకి సర్టిఫికెట్, అంటే మధ్యలో ఎవరూ మాటలు వినకుండా కాపాడి తాళంకప్ప గుర్తు తెచ్చేది, లేకపోవడం వల్ల వచ్చిన మాట అది. సరే, ముందు ఎంజినెక్స్ అనే ప్రోగ్రామును వాకిట్లో నిలబెట్టి సర్టిఫికెట్ దానికి తగిలించి, మన ప్రోగ్రామును దాని వెనక కూర్చోబెడదామనుకున్నాను.

"ఎంజినెక్స్ పెడుతున్నాను మావయ్యా."

"ఇంజినా? డీజిలా, కరెంటా?"

ఆయనకి తెలిసిన భాషలోనే చెప్పాను. "లొల్ల లాకుల దగ్గర లస్కరు ఉంటాడు చూడండి. నీళ్ళు వాటంతటవి దిగువకి పోవు కదా, ఆయన తలుపెత్తాలి. ఇదీ అంతే. వచ్చినవాళ్ళందరూ ముందు దీనితో మాట్లాడతారు, ఇది లోపలికి పంపిస్తుంది. రివర్స్ ప్రాక్సీ అంటారు."

మావయ్య చాలాసేపు ఆలోచించి, "రేకులకి తేమ తగలదు కదా?" అన్నారు.

రాత్రి పెట్టేశాను. తాళంకప్ప వచ్చింది. మావయ్య దాన్ని ఇంటిల్లిపాదికీ చూపించారు. పొద్దున్న ఏడింటికల్లా మూడు ఆర్డర్లు, ఇంకాసేపటికి ఐదు. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఎనిమిది దాటాక మళ్ళీ గబగబా ఐదు. మళ్ళీ చప్పుడు లేదు. మధ్యాహ్నం దాకా ఇదే వరస.

మావయ్య ఆర్డర్ల జాబితా ముందేసుకుని కూర్చున్నారు. "ఒరేయ్, ఈ 127.0.0.1 ఎవర్రా? పొద్దున్నుంచీ అన్నీ ఈయనే కొంటున్నాడు. గంటకి సరిగ్గా ఐదు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎంత పద్ధతిగల మనిషో!"

అత్తయ్య వంటింట్లోంచి, "ఏదో పెళ్ళయ్యుంటుందండీ. ఫోన్ చేసి ఒకేసారి తీసుకోమనండి, నెయ్యి కలిసొస్తుంది" అంది.

నాకు వెంటనే వెలగలేదని ఒప్పుకోవాలి. వెలిగించింది అమ్మమ్మ. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంటుంది. వచ్చినవాళ్ళెవరైనా ముందు ఆవిడకే చెప్పాలి. ఆవిడ లోపలికి కేకేస్తుంది: "కాఫీ!" కాసేపటికి మళ్ళీ, "కాఫీ!" ఆరోసారి అత్తయ్య బయటికొచ్చి, "ఎన్ని తాగుతారండీ, పిత్తం చేస్తుంది!" అని కసిరింది. అరుగు మీద చూస్తే కొబ్బరికాయల దింపువాళ్ళు ఆరుగురు. ఎవరికి కావాలో అమ్మమ్మ చెప్పలేదు, అత్తయ్య అడగలేదు.

నేను సర్వరులో చేసింది అచ్చంగా అదే. అమలాపురం నుంచి వచ్చినా అమెరికా నుంచి వచ్చినా లోపలి ప్రోగ్రాముకి అడిగేది ఎంజినెక్స్ ఒక్కటే. రెండూ ఒకే మిషనులో ఉన్నాయి కాబట్టి దాని అడ్రసు 127.0.0.1, అంటే ఆ మిషను తనకి తానే. ఊళ్ళోవాళ్ళందరూ కలిసి ఒక్క మనిషైపోయారు. ఆ ఒక్క మనిషికి గంటకి ఐదే డబ్బాలు. ఆరోవాడి నుంచి అందరికీ "మీరు ఎక్కువసార్లు అడుగుతున్నారు" అని 429 అనే ఎర్రరు నంబరు చూపించి పంపేసింది.

అసలు మనిషి అడ్రసును ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ అనే హెడరులో, అంటే ప్రతి ఆర్డరు పైనా అంటించే చీటీలో, పెట్టి పంపమని ఎంజినెక్స్‌కి ఒక్క లైను రాస్తే చాలనుకున్నాను. రాశాను. పరీక్షించి చూసుకోకుండా, నాకు రాకపోవడమేమిటన్న ధీమాతో సరాసరి రీస్టార్ట్ కొట్టాను. లైను చివర సెమికోలన్ లేదు. ఎంజినెక్స్ పడుకుంది, లేవలేదు.

"గంటకి ఐదన్నా వచ్చేవిరా! ఇప్పుడు అవీ పోయాయి!"

పెరట్లో రేకులు తీసే ఆవిడ పని ఆపలేదు. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్క లాగు లాగుతుంది, మరుక్షణం కాయితం కన్నా పల్చటి రేకు అంచు లేస్తుంది. నేను ఒక చుక్కా ఒక కామా వెతుక్కునేలోపు ఆవిడ పాతిక రేకులు తీసింది. కాస్త సిగ్గేసింది.

సెమికోలన్ పెట్టాను, ఈసారి బుద్ధిగా పరీక్షించాను కూడా. అయినా 127 గారే వస్తున్నారు! ముందున్నవాడు చెప్పే పేరు నమ్మమని లోపలి ప్రోగ్రాముకీ చెప్పాలి. వచ్చిన ప్రతివాడి మాటా నమ్మమంటే ఆ ఆకతాయి రోజుకో దొంగ అడ్రసు రాసుకొస్తాడు కాబట్టి, ఎంజినెక్స్ చెబితేనే నమ్మమన్నాను. అప్పుడు కుదుటపడింది. సాయంత్రానికి కాకినాడ, విశాఖ, బెంగుళూరు, అన్నీ వేరు వేరు అడ్రసులతో వరస కట్టాయి. గంటకి ఐదు దాటి ఇరవైకెళ్ళింది.

మావయ్య మొహంలో మాత్రం ఏదో వెలితి. రాత్రి భోజనాల దగ్గర అడిగారు: "అయితే ఆ 127 గారు ఇంక రారా? మంచి పార్టీరా పాపం. మనమే ఏదో అన్నట్టున్నాం."

అత్తయ్య ఆయన పేరున ఓ డబ్బా బెల్లం పూతరేకులు విడిగా కట్టి అల్మారాలో పెట్టింది, ఎప్పుడైనా వస్తే ఇవ్వడానికి. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటకముందే బస్సులో ఆ డబ్బా విప్పాను. 127.0.0.1 అంటే ఎవరికి వారే కదా.