ఫిట్స్ మాత్ర వారం రోజులు దొరక్కపోతే...

పాతకాలపు మందు, మత్తు మందు అంటూ ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్‌ను పక్కన పెట్టేయాలనే మాట తరచూ వినిపిస్తూనే ఉంటుంది. మనవాళ్లకు అది గార్డినాల్ పేరుతోనే తెలుసు. 1912 నుంచి వాడుకలో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ఫిట్స్ మందుల్లో అతి చవకైనవాటిలో ఒకటి. ఇవన్నీ తెలిసిన సంగతులే. ఈ మందును మింగేవాళ్ల గురించి పడుతున్న బెంగలో సగమైనా, మింగడం మధ్యలో ఆగిపోయినవాళ్ల గురించి పడాలన్నది నా వాదన.

మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం పనిచేసినప్పుడు నరకణంలోకి క్లోరైడ్ అయాన్లు పోయే ద్వారం తెరుచుకుంటుంది. ఫినోబార్బిటాల్ ఆ ద్వారాన్ని ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. నెలల తరబడి వాడేసరికి మెదడు ఈ అదనపు అణచివేతకు సర్దుకుపోయి, తన వైపు నుంచి ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఆ స్థితిలో మాత్ర హఠాత్తుగా ఆపితే బ్రేకు ఊడిపోయి వేగం మాత్రం మిగులుతుంది. ఫిట్ మీద ఫిట్ వచ్చి, ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

పెద్దవాళ్లలో ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి సుమారు నాలుగు రోజులు పడుతుంది. ఇందులో ఒక మేలుంది, ఒక మోసమూ ఉంది. ఒక రాత్రి మరిచిపోతే కొంప మునగదు. గుర్తొచ్చాక వేసుకుంటే చాలు, రెండు కలిపి మింగకూడదు. రెండు రోజులు తప్పినా 70 శాతం మందు ఒంట్లోనే ఉంటుంది. మోసమూ అక్కడే. మాత్రలు అయిపోయి మూడు రోజులైనా ఏమీ కాలేదు కాబట్టి ఇక అక్కర్లేదనుకుంటారు. పసరు పోయించుకుని ఇంగ్లీషు మందు మానేసినవాళ్లయితే పసరు మహిమేనని నమ్ముతారు. ఏడో రోజుకు మిగిలేది 30 శాతం. అప్పుడు ఫిట్ వస్తే ఎండదెబ్బ అంటారు, నిద్ర చాలలేదంటారు, వారం కిందట ఖాళీ అయిన స్ట్రిప్ ఎవరికీ గుర్తురాదు. మళ్లీ మొదలుపెట్టినా మందు పాత స్థాయికి చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఆ వారం మాత్ర ఎలా తప్పిపోతుందంటారా? మన్యంలోని ముంచంగిపుట్టు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖలో కేజీహెచ్ ఓపీ దాకా రావాలంటే రోగికీ తోడొచ్చిన మనిషికీ కూలి పోతుంది. ముసురు పట్టినా, నాట్లు మొదలైనా ప్రయాణం వాయిదా. దగ్గర్లో కొందామంటే ఇది మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే మందుల) జాబితాలోని మందు. లెక్కల బాదరబందీ ఎక్కువ, మిగిలేది పైసల్లో. చిన్న షాపువాళ్లకు తెప్పించాలనే ఆసక్తి ఎందుకుంటుంది? 60 మిల్లీగ్రాములది దొరక్క 30ది ఇచ్చి ‘అదే మందు’ అంటే మోతాదు సగమైపోయినట్టే. అదీ ఫిట్స్ మాత్రే కదా అని ఫెనిటాయిన్ అనే వేరే మందు చేతిలో పెట్టడం ఇంకా ఘోరం.

మత్తు, మతిమరుపు, పిల్లల్లో చిరాకు, అదుపులేని అల్లరి, ఏళ్ల తరబడి వాడితే ఎముకల బలహీనత: వ్యతిరేకించేవాళ్లు చెప్పేవన్నీ నిజమే. లెవెటిరాసెటమ్ లాంటి కొత్త మందు తెగకుండా ఇవ్వగలిగినచోట ఇవ్వండి, ఎవరొద్దన్నారు? గర్భం కోరుకునే స్త్రీలతో మందు మార్పు గురించి ముందే మాట్లాడాలి కూడా. కానీ రెండో నెలకే కొనలేక మానేసే మందు ఎంత కొత్తదైతే ఏం లాభం?

అయితే ఇచ్చేవాళ్లు నోరు విప్పి చెప్పాల్సినవి ఉన్నాయి. ఈ మందు కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది, అవి గర్భనిరోధక మాత్రలోని హార్మోన్లను త్వరగా విరగ్గొడతాయి కాబట్టి ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ మాత్ర వేసుకుంటున్నా గర్భం రావచ్చు. కాపర్-టీకి ఆ బెడద లేదు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములుంటే, రోజుకు 40 కావాల్సిన పిల్లవాడికి 10 మిల్లీలీటర్లు పోయాలి. వంటింటి చెంచాతో ఆ కొలత రాదు, గీతలున్న సిరంజి కావాలి. మొదటి రెండు నెలల్లో జ్వరంతో దద్దుర్లు వచ్చినా, నోట్లో పుళ్లు లేచినా మరో మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. హఠాత్తుగా ఆపక తప్పనిది అప్పుడే, అదీ డాక్టరు చేతిలో, బదులు మందుతో. మిగతా అన్ని సందర్భాల్లో నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాల్సిందే.

అసలు గొడవ ధర దగ్గరుంది. ఖరీదైన మందుకు రెప్రజెంటేటివ్ ఉంటాడు, సదస్సులుంటాయి. చవక మందును అడిగే నాథుడుండడు. విశాఖ పక్కనే ఉన్న పరవాడ ఫార్మా సిటీ నుంచి మందులు సముద్రాలు దాటుతాయి. అదే దూరదృష్టి ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఎందుకు పనికిరాదు?

లెక్క కష్టమేమీ కాదు. ఒక పీహెచ్‌సీ పరిధిలో రోజుకొక 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునేవాళ్లు 25 మంది ఉన్నారనుకుందాం. రెండు నెలలవి చేతికిస్తే 1,500 మాత్రలు. ఇచ్చాక కూడా ఇంకో 750 ఫార్మసిస్టు బీరువాలో మిగలాలి, అంతకు తగ్గకముందే కొత్త సరుకు కోసం ఇండెంట్ పోవాలి. అన్ని మాత్రలు ఇంట్లో ఉంటే ప్రమాదం కదా అంటారు. ప్రమాదమే, దీనికి విరుగుడు మందు లేదు. కాబట్టి పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన పెట్టెలో పెట్టించాలి. ఆత్మహత్య ఆలోచనలు గానీ, తాగుడు గానీ ఉన్న ఇంటికి ఏఎన్ఎం చేత వారానికి సరిపడానే ఇప్పించాలి. రిజిస్టరులో ఎన్ని మాత్రలు ఇచ్చారన్న గడి పక్కనే, ఆ రోగి ఎన్ని రోజులు మాత్ర లేకుండా గడిపాడన్న గడి కూడా గీయించి, జిల్లా వైద్యాధికారి నెలనెలా చూడాల్సింది ఆ రెండో అంకెనే.