రొయ్య పెట్టెలో వెండి పొర వేసే ముందు మన మురుగు కాలువ సంగతి తేల్చాలి

ఆహారం పాడవకుండా సూక్ష్మజీవులను చంపేందుకు వెండి వంటి లోహాల అతిసూక్ష్మ (నానో) రేణువులు కలిపిన ప్యాకింగ్ పొరల గురించి చెప్పేవారందరూ సరుకు ఎన్ని రోజులు అదనంగా నిలవ ఉంటుందన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఆ పొర వాడి పారేశాక ఏ నీటిలో కలుస్తుందన్నది గోదావరి డెల్టాలో బతికే మనం మొదట అడగవలసిన ప్రశ్న. ఎందుకంటే మన దగ్గర చెత్త కాలువ గట్టునే పడుతుంది, వానకు మురుగు కాలువలోకి జారుతుంది, ఆ నీరే ఎక్కడో ఒకచోట రొయ్యల చెరువుకు చేరుతుంది.

ఈ సాంకేతికత బూటకమని నేను అనడం లేదు. వంద నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) లోపు పరిమాణంలో ఉన్న వెండి రేణువులకు ఉపరితలం ఎక్కువ కాబట్టి తడి తగిలినప్పుడు అవి వెండి అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులను, వదులుతాయి. ఆ అయాన్లు బ్యాక్టీరియా ప్రోటీన్లలోని గంధక భాగాలను పట్టుకుని, పైపొరను దెబ్బతీసి, దాన్ని చంపుతాయి. జింక్ ఆక్సైడ్ కూడా ఇంచుమించు ఇటువంటి పనే చేస్తుంది. టైటానియం డయాక్సైడ్‌కు మాత్రం అతినీలలోహిత కాంతి కావాలి, కాబట్టి మూత వేసిన చీకటి పెట్టెలో దాని వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. తాగునీటి విషయంలోనూ వెండి పనికొచ్చింది. 2009లో వచ్చిన టాటా స్వచ్ ఫిల్టరులో వరి ఊక బూడిదకు నానో వెండిని పట్టించి వాడారు. అక్కడ వెండి ఒక గుళికలో కట్టుబడి ఉంటుంది, గడువు తీరాక దాన్ని విడిగా తీసి పక్కన పెట్టవచ్చు. ఒక్కసారి వాడి పారేసే ప్యాకెట్ విషయంలో ఆ వీలు లేదు.

అవసరం లేని చోట కూడా దీన్ని అమ్మజూపుతారన్నది నా మరో భయం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులనే తీసుకుందాం. వాటికి శత్రువులు గాలిలోని తేమ, నెయ్యి ముక్కిపోవడం. తేమను, ప్రాణవాయువును అడ్డుకునే మంచి పొర చాలు. బ్యాక్టీరియాను చంపే లోహంతో వాటికి పని లేదు. రొయ్యకైనా, చేపకైనా పట్టిన గంటలోనే తగినంత ఐసు, శుభ్రమైన షెడ్డు, మంచి నీరు ముందుగా కావాలి. అవి లేని చోట ఏ పొరా ఆదుకోదు.

నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది చెరువులోని అమోనియా. మేత మిగులూ రొయ్యల విసర్జనా కలిసి పుట్టించే, రొయ్యకు విషమైన ఈ అమోనియాను నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మార్చేది నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా. దాని కోసమే భీమవరం, ఆకివీడు ప్రాంతాల రైతులు డబ్బు పోసి ప్రోబయోటిక్స్ (మేలు చేసే సూక్ష్మజీవుల మందులు) కొని చెరువులో చల్లుతున్నారు. వెండికి అతి సులువుగా లొంగిపోయే సూక్ష్మజీవుల్లో ఈ నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా ఒకటని ప్రయోగశాలల్లో తేలింది. మురుగులో చేరిన వెండిలో చాలా భాగం గంధకంతో కలిసి వెండి సల్ఫైడుగా మారి దాని విషప్రభావం తగ్గుతుందన్నదీ నిజమే, ఒక్కో ప్యాకెట్‌లో ఉండేది స్వల్పమన్నదీ నిజమే. అయినా భీమవరం మీదుగా పారే యనమదుర్రు డ్రెయిన్ వంటి మురుగు కాలువ ఇప్పటికే ఎంత మోస్తోందో తెలిసినవారు, దానికి మరో లోహాన్ని అలవాటు చేయడానికి తొందరపడకూడదు.

వెండికి నిరోధకత రాదన్న ధీమా కూడా సరికాదు. 1975లోనే అమెరికాలోని మాసచుసెట్స్‌లో, కాలిన గాయాలకు వెండి నైట్రేటు వాడే ఆసుపత్రి వార్డులో, వెండిని తట్టుకునే సాల్మొనెల్లా బయటపడింది. సూక్ష్మజీవులను చంపే మందులను ధీమాగా వాడితే మూల్యం ఎవరు చెల్లిస్తారో మనం చూశాం: యాంటీబయోటిక్ అవశేషాల వల్ల యూరోపియన్ యూనియన్ 2016లో మన రొయ్యల సరుకు తనిఖీని పది శాతం నుంచి యాభై శాతానికి పెంచినప్పుడు ఆ భారం ఎవరి మీద పడిందో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు.

నిబంధనల సంగతికొస్తే, ఆహారాన్ని తాకే ప్లాస్టిక్‌లో ప్రత్యేకంగా అనుమతించిన నానో పదార్థాలనే వాడాలని యూరప్ చట్టం చెబుతోంది. నమోదు లేకుండా నానో వెండి కలిపిన ఆహార డబ్బాలు అమ్ముతున్న ఒక న్యూజెర్సీ కంపెనీని 2014లో అమెరికా పర్యావరణ సంస్థ ఆపించింది. మన దగ్గర 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి కిలో ఆహారంలోకి మొత్తం 60 మిల్లీగ్రాములకు మించి పదార్థం దిగకూడదు. అయితే అది బరువు లెక్క మాత్రమే; దిగినది రేణువా, అయానా అన్నది ఆ అంకె చెప్పదు. నానో ఆధారిత వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల మదింపునకు 2020లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది కానీ, సంచి కొనేవాడికి అందులో ఏముందో తెలిసేలా పైన రాసి ఉండాలన్నది నా పట్టుదల.

మనకు దారి మన షెడ్డుల్లోనే ఉంది. రొయ్యల తలలు, పెంకుల నుంచి వాటిని గట్టిగా ఉంచే కైటిన్ అనే పదార్థాన్ని, దాని నుంచి కైటోసాన్‌ను తీస్తారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దశాబ్దాలుగా ఈ పని మీద ఉంది. కైటోసాన్‌కు స్వతహాగానే సూక్ష్మజీవులను అణిచే గుణం ఉంది, మట్టిలో కుళ్లిపోతుంది. దానితో చేసిన పొర తేమకు ఉబ్బుతుంది, త్వరగా చిరుగుతుంది కనుక నానో బంకమన్ను గానీ నానో సెల్యులోజ్ (మొక్కల పీచులోని పదార్థం) గానీ కలిపి గట్టి చేయాలి. తయారీలో ఆమ్లం, క్షారం దండిగా వాడాలి కాబట్టి ఆ వ్యర్థజలాన్ని శుద్ధి చేయకుండా వదిలే యూనిట్‌కు అనుమతి ఇవ్వకూడదు. ఈ షరతు మీద నేను రాజీపడను. ఇక వెండి పొర అమ్మవచ్చినవారిని ప్రాసెసింగ్ యజమానులు రెండు కాగితాలు అడగాలి: ఆహారంలోకి ఎంత లోహం దిగుతుందో చెప్పే పరీక్ష ఫలితం ఒకటి, వాడేసిన పొరను తిరిగి తీసుకుంటామన్న రాతపూర్వక హామీ ఒకటి.