డోర్ బీడింగ్‌కి ఫెవిక్విక్ వైద్యం

"కారు డోర్ బీడింగ్ ఊడిందా? షోరూముకెళ్లి వేలు పోయకండి, 5 రూపాయల ఫెవిక్విక్ చాలు!" ఈ మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతోంది. బీడింగ్ అంటే డోర్ బయట పొడవునా ఉండే ప్లాస్టిక్ పట్టీ. కింద ఆరు చిట్కాలు, చివర్లో దండం బొమ్మ, "పది మందికీ పంపండి". పంపినవాళ్లలో ఒక్కరు కూడా తమ కారు మీద చేసి చూసి ఉండరు.

"స్క్రూడ్రైవర్‌తో లేపండి." వద్దు, పెయింట్ గీరుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, గాలం దారాన్ని బీడింగ్ వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే పాత టేపు దానంతటదే తెగుతుంది. క్లిప్పులతో బిగించిన రకమైతే ప్లాస్టిక్ టూల్ వాడాలి, పక్కన పెయింట్ మీద మాస్కింగ్ టేపు వేసుకోవాలి.

"పాత జిగురు థిన్నర్‌తో తుడవండి." ఒకసారి టచప్ చేయించిన డోర్ అయితే జిగురుతోపాటు రంగూ గుడ్డకి వస్తుంది. బొటనవేలితో ఉండలు చుట్టి తీసేయండి. మిగిలిన జిడ్డుకి టార్ రిమూవర్ చాలు.

ఇక అసలు మహత్యం, ఫెవిక్విక్. ఆరిన తర్వాత అది గాజులా పెళుసు. డోర్ రోజుకి పదిసార్లు ధడేల్‌మంటుంది, పెళుసు జిగురు ఆ అదురు తట్టుకోదు. అంతకన్నా పెద్ద చిక్కు ఎండ. పొద్దున్నకీ మధ్యాహ్నానికీ డోర్ వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే, మీటరు పొడవున ఉక్కు రేకు అర మిల్లీమీటరు సాగుతుంది, ఏబీఎస్ ప్లాస్టిక్ బీడింగ్ దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ తేడాని మింగడానికే కంపెనీవాళ్లు మధ్యలో సుమారు మిల్లీమీటరు మందం ఫోమ్ టేపు పెట్టారు, సోకుకి కాదు. ఫెవిక్విక్ పొరకి సాగే గుణం లేదు కాబట్టి ముందు కొసలు లేస్తాయి. బీడింగ్ వెనక 'పీపీ' అని అచ్చు ఉంటే ఇంకా హాయి, పాలీప్రొపిలీన్‌కి అది సరిగా అంటుకోనే అంటుకోదు. అంటుకున్న చోట మాత్రం నల్ల ప్లాస్టిక్ అంచు పొడవునా సున్నం చల్లినట్టు తెల్లటి పొగ మరక పడుతుంది. చిరాకేసి లాగితే బీడింగ్ వెనక చేప పొలుసుల్లా క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) ముక్కలు ఊడొస్తాయి. ఇంత ఉపకారం 5 రూపాయలకే!

చేయాల్సిన పని పెద్దదేం కాదు. కార్లకి వాడే ఎక్రిలిక్ ఫోమ్ టేపు తెచ్చుకోండి. స్టేషనరీ షాపులో దొరికే తెల్ల ఫోమ్ టేపు మొదటి వానకే చేతులెత్తేస్తుంది. వెడల్పు బీడింగ్ కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ముక్కలు అతికించకుండా కొస నుంచి కొస దాకా ఒకటే వేయాలి. డోర్‌నీ బీడింగ్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు చెరిసగం కలిపి తుడవండి. పీపీ అయితే ప్రైమర్ (టేపు పట్టేలా ముందు పూసే ద్రవం) పూసి ఆరనివ్వాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే, తర్వాత టేపుని తిట్టేదీ అందుకే. పక్క డోర్ బీడింగ్ చూసుకుని మాస్కింగ్ టేపుతో గీత కట్టండి. బీడింగ్ వెనక టేపు అంటించి, దాని లైనర్ (పైనుండే రక్షణ పొర) రెండు కొసల్లో కొంచెం ఒలిచి బయటికి మడిచి, గీతకి సరిగ్గా ఆనించాక మిగతాది లాగేయండి. ఆ తర్వాత అరచేతితో జానెడు జానెడుగా గట్టిగా అదమండి. టేపు అంటుకునేది ఒత్తిడికి.

"వెంటనే వాటర్ వాష్ చేసుకోవచ్చు." కనీసం 24 గంటలు ఆగండి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది.

"నిలవకపోతే రెండు స్క్రూలు కొట్టేయండి." అద్భుతం. ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాని వెనకే దించిన గ్లాసు, దాన్ని పైకీ కిందకీ నడిపే రెగ్యులేటరు, వైర్లు ఉంటాయి. వాటిని తప్పించుకున్నా, కన్నం అంచున పచ్చి ఇనుము బయటపడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రగాలి ఊళ్లలో అది తుప్పుకి శుభలేఖే.

"తెల్లబడిన నల్ల ప్లాస్టిక్‌కి కొబ్బరినూనె." తలకి రాసుకోండి. ఆ జిడ్డు మీద దుమ్ము పడుతుంది, టేపు పట్టదు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. "వేలు పోయకండి" అన్నది నిజం. బీడింగ్ పగలకుండా టేపు మాత్రమే ఊడితే కొత్త సెట్ అక్కర్లేదు. క్లిప్ విరిగినా క్లిప్పులు విడిగా దొరుకుతాయి. నాలుగు డోర్లకీ మార్చాలని ఎవరన్నా అంటే ఎందుకో అడగండి. గ్లాసు కింద ఉండే రబ్బరు పట్టీ సంగతి వేరు. చాలా వాటిలో లోపల లోహపు పట్టీ ఉంటుంది, ఒకసారి మడత పడితే మెసేజ్‌లో చెప్పినట్టు సుత్తితో తిన్నగా అవ్వదు, మార్చాల్సిందే. గ్లాసు దించి, డోర్ అంచున స్క్రూ ఉందేమో చూసి, వెనక కొస నుంచి మెల్లగా పైకి లేపాలి. కొన్ని కార్లలో సైడ్ మిర్రర్ విప్పితేగానీ ముందు కొస రాదు.

ఇప్పటికే ఫెవిక్విక్ పూసేసినవాళ్లు లాగకండి. పైన చెప్పిన గాలం దారమే, కాకపోతే ఓపిక రెట్టింపు కావాలి. పెయింట్ మీద మిగిలిన గట్టి జిగురుని 2000 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) పైపైన అరగదీసి పాలిష్ కాంపౌండ్ పెట్టాలి. క్లియర్ కోట్ లేచిపోయి ఉంటే పెయింటర్ దగ్గరికే. ఆ కొత్త పెయింట్ మీద కొన్ని వారాల దాకా టేపు వేయకండి, అది పూర్తిగా ఆరాలి.